డల్లాస్‌లో సాయంత్రం నాలుగున్నర, ఒంట్లో తెల్లవారుజామున మూడు

జూన్ నెలలో డల్లాస్‌లోని బిడ్డ ఇంటికి చేరిన హన్మకొండ తల్లిదండ్రులకు మొదటి వారం దాదాపు ఒకే తీరుగా గడుస్తుంది. సాయంత్రం నాలుగు దాటితే సోఫాలో కూర్చున్నచోటే తల వాలిపోతుంది. లేపితే ఎక్కడున్నామో నిమిషం దాకా తెలియదు. రాత్రి ఒంటిగంటన్నరకు మాత్రం టక్కున మెలకువ వస్తుంది, కడుపులో కరకరా ఆకలి. అల్లుడికి నిద్రాభంగం కాకుండా లైటు వేయకుండానే వంటింట్లోకి పోయి, ఫ్రిజ్ తలుపు సందులోంచి వచ్చే వెలుతురులో పెరుగు గిన్నె వెతుక్కుంటారు.

ఆ ఆకలిలో తప్పేమీ లేదు. ఎండాకాలంలో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. అక్కడ రాత్రి ఒంటిగంటన్నర అంటే ఇక్కడ మిట్టమధ్యాహ్నం పన్నెండు. సాయంత్రం నాలుగున్నర అంటే తెల్లవారుజామున మూడు. మనిషి విమానం దిగాడు, ఒళ్లు ఇంకా హన్మకొండలోనే ఉంది. దీన్నే జెట్ లాగ్ అంటారు.

"పగలు పండుకోకండి, రెండు రోజుల్లో అదే సర్దుకుంటుంది" అని పిల్లలు చెబుతారు. ఈ మాట సగమే నిజం. జెట్ లాగ్‌ను తగ్గించేది నిద్ర ఆపుకోవడం ఒక్కటే కాదు. కంట్లో వెలుగు ఏ గంటలో పడింది, ఏ గంటలో పడలేదు అన్నదే అసలు లెక్క. ఈ లెక్క తెలియక, ఆరోగ్యానికి మంచిదని సాయంత్రం వాకింగ్‌కు పోయి, వారంలో తగ్గేదాన్ని రెండు వారాలు సాగదీసుకునేవాళ్లు చాలామంది.

అలసట వేరు, జెట్ లాగ్ వేరు

ముందు ఈ రెండింటినీ విడదీయాలి. వరంగల్ నుంచి శంషాబాద్‌కు కారులో మూడు, మూడున్నర గంటలు. మూడు గంటల ముందే చేరాలి. గల్ఫ్ వైపు పోయే విమానాలు చాలా వరకు అర్ధరాత్రి దాటాకే లేస్తాయి. అంటే సాయంత్రం ఇంట్లోంచి కదిలిన మనిషికి ఆ రాత్రి నిద్ర లేనట్టే. దానికి ముందు రెండు రోజులు చూడటానికొచ్చే చుట్టాలు, తొక్కుల డబ్బాలకు టేపు చుట్టడం, సకినాలు నలగకుండా సర్దడం, 23 కిలోలు దాటిందా లేదా అని సూట్‌కేసును పదిసార్లు తూకం వేయడం. ఇదంతా అలసట. ఒక రాత్రి బాగా పండుకుంటే పోతుంది.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్లకు ఉండేది ఎక్కువగా ఈ అలసటే. దుబాయికి మనకు తేడా గంటన్నర, దోహా, కువైట్, రియాద్‌కు రెండున్నర గంటలు. అంత తేడాను ఒళ్లు రెండు రోజుల్లో దిగమింగుకుంటుంది. నాలుగైదు గంటలు దాటిన తేడా మాత్రం ఎంత పండుకున్నా ఒక్కరోజులో పోదు. అదే జెట్ లాగ్.

లోపలి గడియారం

రెండు కళ్ల నుంచి మెదడుకు పోయే నరాలు ఒకదానినొకటి దాటే చోటుకు సరిగ్గా పైన, హైపోథలమస్‌లో, సుమారు 20,000 నాడీకణాల గుత్తి ఒకటి ఉంది. సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్ దాని పేరు. ఎప్పుడు నిద్ర రావాలి, ఎప్పుడు ఒళ్లు వేడెక్కాలి, ఏ హార్మోను ఎప్పుడు ఊరాలి అని టైము చెప్పేది ఇదే. కాలేయం, పేగుల కణాల్లో కూడా చిన్న చిన్న గడియారాలున్నాయి, అవి దీన్ని అనుసరిస్తాయి. ఈ గడియారాలు జన్యువుల స్థాయిలో ఎలా నడుస్తాయో పండ్ల ఈగల మీద పరిశోధించి తేల్చిన జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. కొత్త దేశంలో పెద్ద గడియారం ఒక వేగంతో, పేగుల గడియారం మరో వేగంతో సర్దుకుంటాయి. నిద్ర గాడిన పడ్డాక కూడా నాలుగు రోజులు మలబద్ధకం, కడుపుబ్బరం ఉండటానికి కారణం అదే.

ఈ గడియారం ఒక చుట్టు తిరగడానికి సరిగ్గా 24 గంటలు పట్టదు. సగటున మరో పది నిమిషాల పైచిలుకు ఎక్కువ పడుతుంది. రోజూ పొద్దుటి వెలుగు ఆ పది నిమిషాలను సరిచేస్తుంటుంది. అంటే దాని సహజ గుణం ఆలస్యమవడమే. అందుకే రోజును సాగదీయడం ఒంటికి తేలిక, కుదించడం కష్టం. పడమరకు పోతే రోజు సాగుతుంది, తూర్పుకు పోతే కుదించుకుపోతుంది. ఆలస్యం చేసేటప్పుడు గడియారం రోజుకు గంటన్నర దాకా జరుగుతుంది. తొందరపెట్టేటప్పుడు గంటే. ఇవి సగటు లెక్కలు. అరవై దాటినవాళ్లకు ఇంకాస్త నిదానం.

చల్లని గడియ

మన ఒంటి వేడి రోజంతా ఒకేలా ఉండదు. తెల్లవారుజామున, రోజూ లేచే సమయానికి రెండు మూడు గంటల ముందు, అన్నిటికంటే తక్కువకు దిగుతుంది. ఐదున్నరకు లేచే మనిషికి అది సుమారు మూడు గంటలకు. దాన్ని ఇక్కడ చల్లని గడియ అందాం. నిద్ర అన్నిటికంటే బలంగా లాగేది అప్పుడే. రాత్రంతా లారీ నడిపేవాళ్లకు ఆ గంట ఎంత ప్రమాదమో తెలుసు.

జెట్ లాగ్ లెక్కంతా దీని చుట్టే తిరుగుతుంది. చల్లని గడియకు ముందు, ఆరేడు గంటల లోపు, కంట్లో వెలుగు పడితే మెదడు "ఇంకా పొద్దు గుంకలేదు" అనుకుని గడియారాన్ని ఆలస్యం చేస్తుంది. ఆ గడియ దాటాక వెలుగు పడితే "అప్పుడే తెల్లారింది" అనుకుని తొందరపెడుతుంది. ఒకే ఎండ, రెండు గంటల తేడాలో, రెండు వ్యతిరేక దిక్కులకు లాగుతుంది.

ఇప్పుడు డల్లాస్ సోఫా దగ్గరకు వద్దాం. దిగిన మొదటి రోజు చల్లని గడియ అక్కడి టైము ప్రకారం సాయంత్రం నాలుగున్నరకు వస్తుంది. అది చివరికి తెల్లవారుజామున మూడింటికి చేరాలి. అంటే పదిన్నర గంటలు ఆలస్యం కావాలి. కాబట్టి నాలుగున్నర లోపు వెలుగు కావాలి, నాలుగున్నర తర్వాత వద్దు. కానీ జూన్‌లో డల్లాస్‌లో పొద్దు గుంకేది ఎనిమిదిన్నరకు. మధ్యాహ్నం ఎండకు భయపడి ఇంట్లో ఉండి, చల్లబడ్డాక ఆరింటికి పార్కుకు పోతే, లాగాల్సిన దిక్కుకు సరిగ్గా ఎదురు దిక్కుకు లాగినట్టు. పగలు కాస్త ఇటు, సాయంత్రం కాస్త అటు లాగితే గడియారం ఉన్నచోటే ఊగుతుంది.

చేయాల్సింది ఇది. మొదటి రోజు పదకొండు నుంచి నాలుగున్నర మధ్య కనీసం రెండు గంటలు బయట ఉండాలి. ఎండలో నిలబడనక్కరలేదు. నీడలో కుర్చీ వేసుకున్నా చాలు. ఇంట్లో ట్యూబ్‌లైటు కింద వెలుగు 100 నుంచి 300 లక్స్ ఉంటే, ఆరుబయట నీడలో కొన్ని వేల లక్స్, నేరుగా ఎండలో లక్ష దాకా ఉంటుంది. ఇంట్లో అన్ని లైట్లూ వేసుకున్నా ఆరుబయటి నీడకు సరితూగదు. నాలుగున్నర దాటాక ఇంట్లోకి వచ్చి కర్టెన్లు వేసేయాలి. బయటకు పోక తప్పకపోతే నల్ల కళ్లద్దాలు పెట్టుకోవాలి.

ఆ గడియ రోజుకు గంటన్నర జరుగుతుంది. రెండో రోజు ఆరింటి దాకా బయట ఉండొచ్చు, మూడో రోజు ఏడున్నర దాకా. నాలుగో రోజు తొమ్మిది, అంటే పొద్దు గుంకిపోయింది, ఇక సాయంత్రం వాకింగ్‌కు అడ్డు లేదు. ఐదో రోజుకు చల్లని గడియ రాత్రి పదిన్నరకు చేరి, మంచం ఎక్కే సమయంలోకి జారుతుంది. పగటి మత్తు ఉన్నట్టుండి తేలికపడేది ఆ రోజునే. పూర్తిగా మూడింటికి చేరడానికి ఎనిమిది రోజుల దాకా పడుతుంది.

నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా అమెరికా గడియారం ఒక గంట వెనక్కి పోతుంది, తేడా పదకొండున్నర గంటలవుతుంది. అప్పుడు మొదటి రోజు హద్దు మూడున్నర. చలికాలం ఐదున్నరకే చీకటి పడుతుంది కాబట్టి సాయంత్రం వెలుగు బెడద తక్కువ. మధ్యాహ్నం చలికి బయటకు పోకపోవడమే అప్పటి కష్టం. కోటు వేసుకుని పోవాలి, లేదంటే పెద్ద కిటికీని ఆనుకుని కూర్చోవాలి.

వేరే ఊళ్లకు ఇదే లెక్క. ఇక్కడి తెల్లవారుజాము మూడు అక్కడ ఎంతో చూసుకుంటే చాలు. న్యూజెర్సీలో ఎండాకాలం సాయంత్రం ఐదున్నర, కాలిఫోర్నియాలో మధ్యాహ్నం రెండున్నర. లండన్‌లో రాత్రి పదిన్నర కాబట్టి అక్కడ సాయంత్రం ఎంత తిరిగితే అంత మేలు. సిడ్నీ, మెల్‌బోర్న్ తూర్పున ఉన్నాయి, అక్కడ గడియారాన్ని తొందరపెట్టాలి. జూన్‌లో అయితే ఏడున్నర, డిసెంబరులో అయితే ఎనిమిదిన్నర దాకా వెలుగు తప్పించుకుని, ఆ తర్వాత రెండు మూడు గంటలు బయట గడపాలి. ఆ హద్దు రోజుకో గంట ముందుకు వస్తుంది. ఐదింటికి లేచి వాకింగ్‌కు పోయే అలవాటున్న మనిషి సిడ్నీలో మొదటి మూడు రోజులు ఆ అలవాటును పక్కన పెట్టాలి. మూడు రోజుల లోపు తిరిగొచ్చే పని మీద పోతే మాత్రం ఇవేవీ అక్కరలేదు, ఒంటిని ఇక్కడి టైములోనే ఉండనివ్వడం మేలు.

విమానంలో

బయలుదేరే ముందు మూడు రోజులు రోజుకో గంట ఆలస్యంగా పండుకుని, గంట ఆలస్యంగా లేస్తే పడమటి ప్రయాణానికి రెండు రోజులు ముందే కలిసొస్తాయి. తొమ్మిదింటికి మంచం ఎక్కే అలవాటుంటే పది, పదకొండు, పన్నెండు. చుట్టాల సందడిలో ఇది ఎలాగూ జరుగుతుంది. ఆలస్యంగా లేవనివ్వడమే ఇంట్లోవాళ్లు చేయాల్సిన సాయం.

గల్ఫ్ నుంచి డల్లాస్ దాకా విమానం దాదాపు 16 గంటలు. దోహాలో పొద్దున ఎనిమిదికి లేచిన విమానం అనుకుందాం. ఆ సమయానికి డల్లాస్‌లో ఎండాకాలం రాత్రి పన్నెండు. అంటే ప్రయాణం మొదటి సగమే అక్కడి రాత్రి, పండుకోవాల్సింది అప్పుడు. ఒంటికి అది పొద్దున పదిన్నర కాబట్టి లోపలి గడియారం పండుకోనివ్వదు. కానీ నిద్రను నడిపేది గడియారం ఒక్కటే కాదు. మెలకువగా ఉన్న ప్రతి గంటకూ మెదడులో నిద్ర బాకీ పేరుకుంటుంది. ముందు రాత్రి శంషాబాద్‌లో జాగారం చేసిన బాకీ ఇక్కడ అక్కరకొస్తుంది. ఆ బాకీని హైదరాబాద్ నుంచి దోహా దాకా ఉన్న నాలుగు గంటల్లో తీర్చేసుకోకూడదు, దోహాలో చాయ్ తాగకూడదు. పెద్ద విమానం ఎక్కగానే కళ్లకు పట్టీ కట్టుకుని, మొదటి భోజనం కొంచెమే తిని పండుకోవాలి. ఆరేడు గంటల తర్వాత లేచి, ఇక దిగేదాకా మెలకువగా ఉండాలి. చాలామంది చేసేది దీనికి తలకిందులు. మొదటి సగం సినిమాలు చూసి, దిగే ముందు ఐదు గంటలు పండుకుంటారు, ఆ రాత్రి డల్లాస్‌లో కన్ను మూతపడదు.

క్యాబిన్‌లో గాలి తేమ 20 శాతం కూడా ఉండదు, పీడనం 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నట్టుంటుంది. తలనొప్పి, గొంతు ఎండిపోవడం వీటివల్లే, జెట్ లాగ్ వల్ల కాదు. బాత్రూంకు లేవాల్సి వస్తుందని నీళ్లు మానేసేవాళ్లుంటారు. మానొద్దు. ఆ లేవడమే మంచిది. గంటకో రెండు గంటలకో నడిస్తే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది. దిగాక ఒక కాలు మాత్రమే వాచి, పిక్కలో నొప్పి ఉంటే దాన్ని ప్రయాణ బడలిక అనుకోకుండా ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

చాయ్, మాత్రలు, నడిరాత్రి ఆకలి

చాయ్, కాఫీలలోని కెఫీన్ తాగిన ఐదు గంటలకు కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. డల్లాస్‌లో మధ్యాహ్నం ఒంటిగంట చాయ్ మేలు చేస్తుంది. మన అలవాటు ప్రకారం సాయంత్రం ఐదింటికి తాగేది రాత్రి పది దాకా వెంటాడుతుంది. మొదటి వారం మధ్యాహ్నం రెండు దాటాక మానేయాలి. సాయంత్రం మత్తు మరీ ఆగకపోతే అలారం పెట్టుకుని 20 నిమిషాలు కునుకు తీయొచ్చు. అరగంట దాటితే గాఢనిద్రలోకి పోతారు, లేపడం కష్టం.

మెలటోనిన్ నిద్రమాత్ర కాదు. చీకటి పడిందని ఒంటికి చెప్పే హార్మోను అది, మెదడులోని పీనియల్ గ్రంథిలో ఊరుతుంది. ఐదు టైమ్ జోన్లు దాటే ప్రయాణాల్లో, దిగిన చోట మంచం ఎక్కే వేళకు 0.5 నుంచి 5 మిల్లీగ్రాముల దాకా వేసుకుంటే జెట్ లాగ్ తగ్గుతుందని పరిశోధనలు చూపించాయి. పెద్దలకు అర నుంచి 3 మిల్లీగ్రాములు చాలు, నాలుగైదు రాత్రులు. డల్లాస్ రాత్రి తొమ్మిది ఒంటికి ఉదయం ఏడున్నర కాబట్టి అప్పుడు వేసుకున్న మెలటోనిన్ గడియారాన్ని మనకు కావలసిన ఆలస్యం దిక్కుకే జరుపుతుంది. అదే మాత్రను సాయంత్రం నాలుగింటికి వేసుకుంటే మత్తు తప్ప లాభం లేదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టొద్దు. అల్ప్రజోలం లాంటి నిద్రమాత్రలు గడియారాన్ని కదిలించవు. కొత్త ఇంట్లో, చీకట్లో, మత్తులో బాత్రూంకు లేచి పెద్దవాళ్లు కిందపడటానికి మాత్రం పనికొస్తాయి. ఒక అరటిపండు, గ్లాసు మజ్జిగ మంచం పక్కన పెట్టుకుంటే నడిరాత్రి ఆకలికి చాలు. ఆ గంటలో పప్పూ అన్నం తింటే పేగుల గడియారం హన్మకొండలోనే ఉండిపోతుంది.

మెలకువ వచ్చాక మంచం మీద పొర్లుతూ బాధపడాల్సిన పని లేదు. మొదటి రెండు మూడు రాత్రులు ఆ సమయం ఒంటికి మిట్టమధ్యాహ్నం, అప్పుడు వెలుగు పడినా గడియారం పెద్దగా కదలదు. బిడ్డ పురుడు కోసం పోయిన అమ్మమ్మ ఆ రెండు గంటలు పసిపాపను ఎత్తుకుంటే బాలింతకు నిద్ర దొరుకుతుంది. నాలుగో రాత్రి నుంచి మాత్రం చీకట్లోనే ఉండాలి.

షుగరు ఉన్నవాళ్లు ప్రయాణానికి రెండు వారాల ముందే టికెట్టు టైములు పట్టుకుని డాక్టరు దగ్గరకు పోవాలి. పోయేటప్పుడు ఆ ఒక్క రోజు 34 గంటలకు పైగా సాగుతుంది. రోజుకొకసారి తీసుకునే ఇన్సులిన్ ఆ మధ్యలో అయిపోతుంది. ఎప్పుడు, ఎన్ని యూనిట్లు అన్నది ఆయన కాగితం మీద రాసివ్వాలి. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రను భోజనం ట్రే చేతికి రాకముందే వేసుకోవద్దు. వేసుకున్నాక కుదుపులొచ్చి భోజనం గంట ఆలస్యమైతే షుగరు పడిపోతుంది. ఇన్సులిన్, గ్లూకోమీటరు, వారం రోజుల మాత్రలు, చీటీ చేతిసంచిలోనే ఉండాలి. సామాన్లలో వేస్తే ఇన్సులిన్ గడ్డకట్టొచ్చు, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. చేతి గడియారాన్ని దిగేదాకా ఇండియా టైములోనే ఉంచుకుంటే మాత్రల లెక్క తప్పదు.

తిరిగొచ్చాక

తూర్పుకు వస్తున్నాం కాబట్టి తొందరపెట్టాలి అనిపిస్తుంది. కానీ పదిన్నర గంటలు తొందరపెట్టడానికి పది పదకొండు రోజులు పడుతుంది, అటు తిప్పి పదమూడున్నర గంటలు ఆలస్యం చేయడానికి తొమ్మిది రోజులు. గడియారం సహజంగా ఆలస్యం వైపే మొగ్గుతుంది కాబట్టి తిరుగు ప్రయాణంలోనూ ఆ దారే పట్టాలి. డల్లాస్‌లో ఆరున్నరకు లేచే అలవాటైన మనిషి చల్లని గడియ నాలుగింటికి. అది ఇక్కడ మధ్యాహ్నం రెండున్నర. అంటే మళ్లీ అదే సూత్రం. పొద్దున ఎనిమిది నుంచి రెండున్నర దాకా వెలుగులో ఉండాలి, ఆ తర్వాత నీడ. మే నెలలో వరంగల్ ఎండలో తిరగమని కాదు, వరండాలో కూర్చుంటే చాలు. భద్రకాళి బండ్ మీద సాయంత్రం నడక మాత్రం నాలుగు రోజులు ఆగాలి.

లండన్ నుంచి వచ్చేవాళ్ల లెక్క వేరు. ఎండాకాలం తేడా నాలుగున్నర గంటలే కాబట్టి వాళ్లు తొందరపెట్టాలి. వాళ్ల చల్లని గడియ ఇక్కడ ఎనిమిదిన్నరకు పడుతుంది, బండ్ మీదికి తొమ్మిది దాటాక పోవాలి.

పండక్కి వచ్చే ఆడపిల్లలు ఈ లెక్కను టికెట్టు కొనేటప్పుడే వేసుకోవాలి. డల్లాస్ నుంచి వచ్చినవాళ్ల చల్లని గడియ మొదటి రోజు రెండున్నర, రెండో రోజు నాలుగు, మూడో రోజు ఐదున్నర, నాలుగో రోజు ఏడు. సద్దుల బతుకమ్మకు మూడు రోజుల ముందు దిగితే, వేయి స్తంభాల గుడి దగ్గర చప్పట్లు మొదలయ్యే వేళకే ఒంట్లో తెల్లవారుజాము నాలుగవుతుంది. బతుకమ్మ మొదటి రోజైన ఎంగిలిపూల నాటికే ఇంట్లో ఉండేలా వస్తే, సద్దుల నాటికి అది అర్ధరాత్రి దాటిపోయి ఉంటుంది.